వంతు, పూట, షిఫ్టు: పాలమూరు పత్తిచేలలో అలసట చరిత్ర

షిఫ్టు అనగానే మనకు సైరను గుర్తొస్తుంది. గేటు దగ్గర వరసలో నిలబడ్డ మనుషులు, టైమాఫీసు కిటికీ, హాజరు పుస్తకం గుర్తొస్తాయి. సింగరేణి గని, బట్టల మిల్లు, ఈ పాతికేళ్లుగా అయితే తెల్లవారుజామున అమ్మాయిల్ని ఇళ్ల దగ్గర దింపిపోయే కాల్‌సెంటరు క్యాబులు గుర్తొస్తాయి. ఆ జాబితాలో పత్తిచేను ఉండదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు అని పేర్లు చెబితే కరువు, వలస, పాలమూరు లేబరు అంటాం. 2016 అక్టోబరు 11న ఈ మూడూ విడి జిల్లాలయ్యాయి. అప్పటిదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలు. ఈ నేల మీద పెద్ద మిల్లులు లేవు కాబట్టి షిఫ్టుల చరిత్ర కూడా లేదనుకుంటాం. నిజానికి ఇక్కడి ఆడవాళ్లు, ఆడపిల్లలు గడియారానికి కట్టుబడి, విరామం లేకుండా, రోజుని రెండుగా చీల్చుకుని పనిచేశారు. అది ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న.

మన భాషలో షిఫ్టు కన్నా ముందే వంతు ఉంది. పూట ఉంది, జాము ఉంది. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాముకు కప్పం కడుతూ తమ ఊళ్లను తామే ఏలుకున్న రోజుల్లో, తెలంగాణ అంతటా ఉన్నట్టే ఇక్కడా వెట్టి ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం మీద వచ్చిన రచనలు వెట్టి ఎలా నడిచిందో వివరంగా చెబుతాయి. దళిత కుటుంబాల నుంచి ఇంటికొకరు దొర పనికి, అధికారుల పనికి రావాలి. కట్టెలు కొట్టాలి, మూటలు మోయాలి, కబురు పట్టుకుని పక్క ఊరికి పరిగెత్తాలి. ఆడవాళ్లు దంచాలి, విసరాలి, గడీ ఊడవాలి. ఇవాళ ఎవరి వంతు అన్నది ఊరికి నోటి లెక్కగా తెలుసు. ఎన్ని గంటలన్నది మాత్రం ఎవరూ అడగలేదు. పని అయిపోవడమే సమయం. ఆ తర్వాత కాలంలో గుంపుమేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకుని ఆనకట్టలకు, కాలువలకు వెళ్లిన పాలమూరు లేబరు విషయంలోనూ ఇదే పద్ధతి. మేస్త్రీ లేపినప్పుడు లేవాలి, చాలన్నప్పుడు ఆపాలి. మట్టి తట్ట మోసిన ఆడమనిషి పని అక్కడితో ఆగలేదు. డేరాలో పొయ్యి వెలిగించేదీ ఆమే.

గంటల లెక్క వేరే చోట మొదలైంది. బ్రిటిష్ ఇండియాలో 1881 నాటి మొదటి ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్లు నిండి పన్నెండేళ్ల లోపున్న పిల్లల పనిని రోజుకు 9 గంటలకు పరిమితం చేసింది. 1891లో ఆడవాళ్ల పనికి 11 గంటల హద్దు పెట్టారు. 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటి సమావేశం పరిశ్రమల్లో ఎనిమిది గంటల రోజు గురించి, స్త్రీల రాత్రిపని నిషేధం గురించి ఒప్పందాలు చేసింది. స్వతంత్ర భారతదేశపు 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు అంది. రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు ఆడవాళ్లని పనిలో పెట్టకూడదంది. ఆ చివరి నిషేధం రక్షణా, లేక పనుల్లోంచి ఆడవాళ్లను తప్పించే సాకా అని స్త్రీవాదులు చాలా వాదించారు. 2000లో మద్రాసు హైకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది కూడా. ఈ వాదం ముఖ్యమైనదే. కానీ వాదం అంతా ఫ్యాక్టరీ గేటు లోపలే జరిగింది. ఎండలో నిలబడ్డ మనిషి అలసట ఆ చర్చలోకి రాలేదు.

పువ్వు పెట్టిన టైంటేబుల్

గద్వాల చేలలోకి గడియారాన్ని తెచ్చింది హైబ్రిడ్ పత్తి విత్తనం. 1970లో సూరత్ పరిశోధనా కేంద్రంలో హైబ్రిడ్-4 అనే రకం తయారైంది. వ్యాపార స్థాయిలో సాగైన మొదటి హైబ్రిడ్ పత్తి ప్రపంచంలో అదే. రెండు వేరువేరు రకాల మొక్కల్ని కలిపితే పుట్టిన గింజ ఎక్కువ దిగుబడి ఇస్తుంది. అయితే ఆ గింజని రైతు దాచుకుని మళ్లీ విత్తితే అదే పంట రాదు. ప్రతి ఏడూ కొత్తగా తయారు చేయాలి, కొత్తగా కొనుక్కోవాలి. పత్తి విషయంలో ఆ తయారీ చేతుల మీదే జరగాలి.

పనేమిటో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే అలసట అంతా ఆ వివరంలోనే ఉంది. పత్తి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. వదిలేస్తే తనలో తానే ఫలదీకరణం చెందుతుంది. అందుకని రేపు విచ్చుకోబోయే మొగ్గని ఇవాళ మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు గుర్తుపట్టాలి. బొటనవేలి గోటితో రేకులు చీల్చి, లోపలి కీలాగ్రానికి దెబ్బ తగలకుండా, చుట్టూ ఉన్న పుప్పొడి తిత్తుల్ని ఒక్కటీ మిగలకుండా గిల్లెయ్యాలి. గుర్తుగా రంగు కాగితం తొడగాలి. మర్నాడు పొద్దున మగ మొక్కల నుంచి అప్పుడే విచ్చిన పూలు కోసుకొచ్చి, నిన్న కాగితం తొడిగిన ప్రతి మొగ్గ దగ్గరికీ వెళ్లి, పుప్పొడిని కీలాగ్రానికి రుద్దాలి. మధ్యాహ్నం దాటితే పుప్పొడి పనికిరాదు. అన్నం తిని మళ్లీ రేపటి మొగ్గల దగ్గరికి. దీన్నే అక్కడ క్రాసింగు అంటారు, ఆ పంటని సీడు పత్తి అంటారు.

అంటే రోజుకు రెండు షిఫ్టులు. పొద్దుటి షిఫ్టు నిన్నటి పువ్వుకి, సాయంత్రం షిఫ్టు రేపటి పువ్వుకి. రెండింటిలోనూ అదే మనిషి. రెండు నుంచి మూడు నెలల పాటు ఇలా సాగాలి. ఆదివారం లేదు, పండగ లేదు. పువ్వు ఒకరోజు ఆగదు కదా. ఎకరానికి రోజూ సుమారు పదిమంది కావాలి. ఒక్క తిత్తి మిగిలినా ఆ కాయలోని గింజ హైబ్రిడ్ కాదు. రైతు ఇచ్చిన విత్తనాన్ని కంపెనీ మళ్లీ నాటి స్వచ్ఛత పరీక్షిస్తుంది. ఫెయిలైతే ఆ రైతుకి డబ్బు రాదు. కాబట్టి మొగ్గల మధ్య వంగి నడిచే వేళ్ల మీద కన్నేసి ఉంచుతారు. గనిలోనో రైల్వేలోనో అలసట వల్ల తప్పు జరుగుతుందని గుర్తించి డ్యూటీ గంటల మీద నిబంధనలు రాశారు. ఇక్కడ అలసిన వేలు తప్పు చేస్తే నిబంధన రాయలేదు, ఆ వేలు గల పిల్లని తిట్టారు.

జీతగాడి స్థానంలోకి ఆడపిల్ల

పిల్ల అన్నాను. ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు అదే. హైబ్రిడ్ విత్తనపు సాగు గుజరాత్ నుంచి మన వైపు విస్తరించి, 1990లు ముగిసేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలు దానికి పెద్ద కేంద్రాలయ్యాయి. గద్వాల చుట్టుపక్కల మండలాలు ఆ పేరు మీదే బతికాయి. కంపెనీ నేరుగా రైతు దగ్గరికి రాదు. మధ్యలో ఆర్గనైజరు ఉంటాడు. విత్తనం అతనిస్తాడు, పెట్టుబడి అప్పు అతనిస్తాడు, పంట అతనే తీసుకుంటాడు. రైతు ఆ అప్పులోంచి కొంత తీసి పిల్లల తల్లిదండ్రులకి అడ్వాన్సు ఇస్తాడు. సీజనంతా ఆ పిల్ల ఆ చేనికి కట్టుబడుతుంది.

దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా ద కోర్టా కలిసి చేసిన పరిశోధనలు దీన్ని చరిత్రలో పెట్టి చూపించాయి. 2001లో వచ్చిన వాళ్ల వ్యాసం, హైబ్రిడ్ పత్తి చేలలో కట్టుబాటు శ్రమ వయసూ లింగమూ ఎలా మారాయో పరిశీలించింది. ఒకప్పుడు ఏడాది జీతానికి కుదిరిన జీతగాడు మగవాడు. మగవాళ్లు ఆ కట్టుబాటు లోంచి బయటపడి పట్నానికో మెరుగైన కూలికో వెళ్లే కొద్దీ, అప్పు తీర్చే భారం ఇంట్లో ఆడవాళ్ల మీదకి, అక్కణ్ణుంచి ఆడపిల్లల మీదకి జారింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. చట్టం వెతికిన వెట్టివాడు పెద్దవాడు, మగవాడు. ఆ లోపల పని చేతులు మార్చుకుంది.

ఆడపిల్లలే ఎందుకని అడిగితే దొరికే జవాబులు మనకు కంఠతా వచ్చు. వేళ్లు సన్నగా ఉంటాయి, మొగ్గ చెదరదు. ఎత్తు తక్కువ, నడుం ఎక్కువ వంచక్కర్లేదు. చెప్పినమాట వింటారు. ఎక్కువసేపు చేస్తారు. చివరి రెండు మాటలే అసలైన కారణాలు. చీరల నేతలో, తివాచీల నేతలో, ఎలక్ట్రానిక్ విడిభాగాల కూర్పులో కూడా సన్నటి వేళ్ల మాటే చెబుతారు. తక్కువ కూలికి, ఎక్కువ గంటలకి ఎదురుచెప్పకుండా పనిచేసే మనిషి కావాలి. ఆ మనిషిని తయారుచేసే పని కుటుంబం ఎలాగూ చేసిపెడుతుంది. పువ్వు రెండు షిఫ్టులు అడిగింది నిజమే. ఆ రెండు షిఫ్టులూ ఒక్క మనిషే చేయాలని పువ్వు అడగలేదు. పొద్దున ఒక బృందం, సాయంత్రం ఒక బృందం పెట్టుకోవచ్చు. వారానికొక రోజు ఒక్కొక్కరికీ సెలవిచ్చి వేరొకరిని వంతుకు పిలవవచ్చు. దానికి పెద్దవాళ్ల కూలి కావాలి, ఎక్కువమంది కావాలి. కంపెనీ ఇచ్చే ధరలో ఆ కూలికి చోటు లేదు. 2005లో వచ్చిన ‘బాల్యం ధర’ అన్న అర్థం గల నివేదిక చెప్పిందీ ఇదే. విత్తన సేకరణ ధరకీ పిల్లల పనికీ నేరుగా సంబంధం ఉందని అది లెక్కలతో చూపింది.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక గిరాకీ ఇంకా పెరిగింది. చాలా దేశాల్లో పత్తిని హైబ్రిడ్‌గా కాక మామూలు రకాలుగానే సాగుచేస్తారు. మన దేశంలో బీటీ ప్రధానంగా హైబ్రిడ్ రూపంలోనే రైతుకి చేరింది. విదర్భలోనో వరంగల్‌లోనో రైతు చించే విత్తనాల ప్యాకెట్టు వెనక, ఇలా ఎవరో ఒక్కో మొగ్గ దగ్గరా రెండుసార్లు ఆగిన పని ఉంది.

బడి గంట, ఇంటి పొయ్యి, రాత్రి కరెంటు

ఇప్పుడు ఆ రోజుని బడి గంటల పక్కన పెట్టి చూడండి. బడి పొద్దున తొమ్మిది ప్రాంతాల మొదలై సాయంత్రం నాలుగు దాటాక వదులుతారు. క్రాసింగు పొద్దుటి షిఫ్టు బడి మొదటి సగాన్ని, సాయంత్రపు షిఫ్టు రెండో సగాన్ని కప్పేస్తాయి. ఒక పూట బడి, ఒక పూట పని అనే వీలు కూడా ఉండదు. బడి జూన్‌లో తెరిస్తే క్రాసింగు వానాకాలం నడుమ మొదలై చలి వచ్చేదాకా సాగుతుంది. ఆ తర్వాత బడికి వెళ్లినా తరగతి ఎక్కడుందో పిల్లకి అంతు దొరకదు. 2011 జనాభా లెక్కల్ని కొత్త జిల్లాల వారీగా విడదీసినప్పుడు జోగుళాంబ గద్వాల అక్షరాస్యత 50 శాతం లోపే తేలింది. తెలంగాణలో అన్నిటికన్నా తక్కువ. సీడు పత్తి ఒక్కటే దానికి కారణమనలేం. సీడు పత్తిని పక్కన పెట్టీ అర్థం చేసుకోలేం.

చేనులో పని 8 నుంచి 12 గంటల దాకా సాగుతుందని అధ్యయనాలు రాశాయి. చేను బయటి గంటల్ని కూడా కలపాలి. నీళ్లు తేవడం, అంట్లు, తమ్ముణ్ణి ఎత్తుకోవడం, రాత్రి వంటలో చేయి వేయడం. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు జీతం లేని ఆ పనికి పెడితే, చేసే పురుషులు 97 నిమిషాలు పెట్టారు. ఇది దేశం మొత్తం సగటు. పొద్దునా సాయంత్రమూ పువ్వుకిచ్చిన ఆడమనిషికి ఆ 299 నిమిషాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? నిద్రలోంచే రావాలి. పైగా తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. రక్తహీనత అంటేనే అలసట. బహిష్టు రోజుల్లో కూడా మరుగుదొడ్డి లేని చేలో, మందు కొట్టిన ఆకుల మధ్య నిలబడాలి. ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు 2011లో ఆపింది. అంతకుముందు పత్తి మీద ఇష్టంగా కొట్టిన మందుల్లో అదొకటి. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తే మందు ప్రభావమా, నిద్రలేమా, ఆకలా అని విడదీసి చెప్పేవాళ్లు చేల దగ్గర ఎవరుంటారు?

ఇంకో వంతు కూడా ఉంది. అది ఈ మూడు జిల్లాల్లో బోరుబావి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. ఏడు గంటలు, అదీ విడతలుగా, ఒక్కో వారం ఒక్కో గ్రూపుకి పగలూ రాత్రీ మార్చి ఇచ్చేవారు. అచ్చంగా ఫ్యాక్టరీ రోస్టరే. రాత్రి కరెంటు వారంలో మగవాడు టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరికి పోయేవాడు. పాము కాట్లకీ, కరెంటు షాకులకీ మగవాళ్లు చనిపోయారు, ఆ బాధ చిన్నది కాదు. అయితే ఆ రాత్రి ఇంట్లో ఆడమనిషి నిద్రపోయిందా? అతను వచ్చేదాకా మేలుకుంది. భర్త వలసపోయిన ఇళ్లల్లో ఆమే మోటారు దగ్గరికి పోయింది. పొద్దున పువ్వు షిఫ్టుకి ఆమే నిలబడింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ప్రకటించాక ఆ రాత్రి వంతు సడలింది. ఆ పద్నాలుగేళ్ల నిద్రలేమి మీద ఒక్క కాగితం కూడా మన చేతికి రాలేదు.

రిజిస్టరు ఉన్నచోట, లేనిచోట

రిజిస్టరు ఉంటే అలసట పోతుందని కాదు. నాగర్‌కర్నూలు జిల్లా ఈగలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రం ఉంది. 900 మెగావాట్ల కేంద్రం, రాత్రింబవళ్లు షిఫ్టులు. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు రేగి తొమ్మిదిమంది చనిపోయారు. వాళ్లలో ఒక మహిళా అసిస్టెంట్ ఇంజనీరు ఉంది. అదే జిల్లాలో దోమలపెంట దగ్గర 2025 ఫిబ్రవరి 22 పొద్దున, ఎడమగట్టు కాలువ సొరంగంలో పనిలోకి దిగిన కాసేపటికే కప్పు కూలి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన ఎనిమిదిమంది కార్మికులు లోపలే చిక్కుకుపోయారు. పుస్తకంలో పేర్లున్నంత మాత్రాన ప్రాణాలు నిలబడలేదు.

అయినా తేడా ఉంది. ఆ రెండుచోట్లా లోపల ఎవరున్నారో, ఎప్పుడు దిగారో తెలిసింది. విచారణ అడగడానికి, పరిహారం అడగడానికి ఒక ఆధారం దొరికింది. సీడు పత్తి చేలో ఎండదెబ్బకి పడిపోయిన మనిషికి ఆ ఆధారం లేదు. ఎన్ని గంటలు పనిచేసిందో చెప్పే కాగితం లేదు. అడ్వాన్సు లెక్క ఒక్కటే రాసి ఉంటుంది. అప్పు రాసుకునే చేతికి గంటలు రాయడం రాక కాదు.

పిల్లలు తప్పుకున్నాక

2003 నుంచి మార్పు మొదలైంది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలేనన్న ఎం.వి. ఫౌండేషన్ వాదం, శాంతా సిన్హా వంటివారి కృషి, యూరప్‌లో సంఘాలు బహుళజాతి కంపెనీల మీద తెచ్చిన ఒత్తిడి కలిసి పనిచేశాయి. విత్తన పరిశ్రమ సంఘం పిల్లల్ని పెట్టుకోబోమని ఒప్పుకుంది. కొన్ని కంపెనీలు పిల్లలు లేని చేలకు అదనపు ధర ఇచ్చాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. వీటి ఫలితం ఉంది. కూలికి కుదుర్చుకున్న చిన్నపిల్లలు తగ్గారు. ఇది సాధించినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

కానీ పువ్వు టైంటేబుల్ మారలేదు. చేలు చిన్నవయ్యాయి. పెద్ద రైతు నుంచి అర ఎకరం, ఎకరం ఉన్న కుటుంబానికి పని జరిగింది. సొంత చేను, సొంత పిల్లలు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు 14 ఏళ్ల లోపు పిల్లల పనిని అంతటా నిషేధించి, బడి అయ్యాక కుటుంబ పనిలో సాయం చేయవచ్చని మినహాయింపు ఇచ్చారు. బడి వదిలే వేళా రేపటి మొగ్గలు గిల్లే వేళా ఒకటే కావడం ఆ చట్టం రాసినవాళ్లకి తెలియకపోవచ్చు. 2015లో వచ్చిన ఒక నివేదిక దేశం మొత్తం మీద పత్తి విత్తన చేలలో ఇంకా దాదాపు 5 లక్షల మంది పిల్లలున్నారని అంచనా కట్టింది. కూతురు బడికి వెళ్లిన ఇంట్లో ఆ రెండు షిఫ్టులూ తల్లి మీద పడ్డాయి. కూతురు తప్పుకున్నందుకు మనం సంతోషించాం. తల్లి గంటలు లెక్కపెట్టడం మర్చిపోయాం.

2025 నవంబరు 21న దేశంలో నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. స్త్రీలు తమ సమ్మతితో రాత్రిపూట పనిచేయవచ్చని, యజమాని రక్షణ కల్పించాలని అందులో ఉంది. దాని మంచిచెడ్డల మీద నగరాల్లో చర్చ నడుస్తోంది, నడవాలి. అయితే భద్రతా ఆరోగ్య స్మృతి ముఖ్యంగా పదిమందీ ఆపైనా పనిచేసే సంస్థల్ని దృష్టిలో పెట్టుకున్నది. అర ఎకరం చేలో తల్లి, అత్త, ఇద్దరు కూలీలు ఉంటారు. సమ్మతి ఎవరిది, యజమాని ఎవరు, కంపెనీయా, ఆర్గనైజరా, భర్తా?

అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. విత్తనం ధర కట్టేటప్పుడు రెండు షిఫ్టులకు ఇద్దరు మనుషుల కూలి, అదీ పెద్దవాళ్ల కూలి కలపాలి. 1948 నాటి కనీస వేతనాల చట్టం వ్యవసాయాన్ని తన జాబితాలో చేర్చుకునే ఉండేది కాబట్టి ఇది కొత్త సూత్రం కాదు. క్రాసింగు సీజనులో వారానికో సెలవు, నడి ఎండలో విరామం కంపెనీ ఒప్పందంలోనే రాయాలి. ఆర్గనైజరు దగ్గర అడ్వాన్సు పుస్తకం పక్కన గంటల పుస్తకం ఉండాలి. అందులో సొంత చేనులో పనిచేసే ఇల్లాలి పేరు కూడా ఉండాలి. మన సంఘాలు, మన పత్రికలు, స్వయం సహాయక బృందాలు కంపెనీల కోసం ఆగకుండా ఆ పుస్తకాన్ని మొదలుపెట్టవచ్చు. ఒక ఊళ్లో పదిమంది ఆడవాళ్లు ఒక సీజను పాటు ఎన్నింటికి లేచారో, ఎన్నింటికి పడుకున్నారో రాస్తే చాలు. గద్వాల పత్తిచేల మీద ఇప్పటిదాకా రాసిందంతా దిగుబడి చరిత్ర. ఆ పుస్తకం వస్తే దాని పక్కన పెట్టి చదవడానికి ఇంకో చరిత్ర దొరుకుతుంది.